మావయ్య బొగ్గుల బట్టీ

శ్రీవాణి విశాఖపట్నంలో గాలి రసాయనం మీద పరిశోధనకు చేరినప్పుడు, ఎక్కడి గాలిని కొలుస్తావని ప్రొఫెసరు అడిగారు. ఆమె మలికిపురం దగ్గర తన మేనమామ ఊరి పేరు చెప్పింది. అక్కడ ఆయన బట్టీలో కొబ్బరి చిప్పలను గోతుల్లో మగ్గబెట్టి బొగ్గు చేస్తారు. కొబ్బరి తోటల గాలికి ఏం జబ్బని తోటివాళ్లు నవ్వారు. శ్రీవాణికి నవ్వు రాలేదు. తండ్రి పోయాక ఆమె పెరిగింది ఆ మేనమామ గోవిందరాజులు ఇంట్లోనే. అత్తయ్య కనకరత్నం దగ్గు వింటూనే నిద్రపోయేది. చుట్ట వాసన కూడా పడని మనిషికి అంత దగ్గెందుకన్నది చిన్నప్పటి నుంచీ ఆమెను వదలని ప్రశ్న.

చలికాలం మొదట్లో ఆమె ఆ ఇంటి వసారాలో ఒక చిన్న యంత్రం బిగించింది. గాలిలో కంటికి ఆనని నుసి ఎంతుందో అది కొలుస్తుంది. గోవిందరాజులు సరదాగానే చూస్తూ ఊరుకున్నాడు. కొన్నాళ్లకు ఆమె ఫలితాలు చెప్పేసరికి ఆయన మొహం మారిపోయింది.

"పగలు ఫర్వాలేదు మావయ్యా. తెల్లవారుజామునే ప్రమాదం. అప్పుడు నేలనంటుకుని చల్లగాలి ఉంటుంది, దాని పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. నీ గోతుల పొగ పైకి పోలేక ఇళ్లలోకే వస్తోంది. అత్తయ్య వాకిలి ఊడ్చేది సరిగ్గా ఆ వేళకే."

"అయితే ఏం చెయ్యమంటావే?"

"గోతులు ఇళ్లకు దూరంగా మార్చాలి."

"ఈ సంగతి నువ్వు ఎక్కడన్నా రాసేవంటే ఆఫీసర్లొచ్చి బట్టీ మూయించేస్తారు. ఇంతమంది కూలోళ్ల నోటికాడ కూడు తీసేస్తావా? నా చేతుల మీద పెరిగేవు కాబట్టి మంచిగా చెబుతున్నాను. ఆ పెట్టె పట్టుకుని వెళ్లిపో."

వంటింటి గుమ్మంలోంచి కనకరత్నం అంది, "ఉండనివ్వండి. అది కొలిచేది నా ఊపిరే కదండీ."

గోవిందరాజులు కండువా దులుపుకుని బయటికి వెళ్లిపోయాడు. యంత్రం ఉండిపోయింది. మావయ్యకూ మేనకోడలికీ మధ్య మాటలు మాత్రం ఆగిపోయాయి.

తరవాత ముసురు పట్టింది. గోతులు తడవకుండా పనివాళ్లు వాటి మీదున్న పాకకు నాలుగు వైపులా టార్పాలిన్ పట్టాలు కట్టేశారు. వాన వెలిసిన తెల్లవారి మంచు దట్టంగా కురుస్తోంది. ఆ మంచులో గాలి ఎలా ఉందో చూద్దామని శ్రీవాణి, కార్బన్ మోనాక్సైడ్ విషవాయువును పసిగట్టే చేతి మీటరు పట్టుకుని బట్టీ వైపు నడిచింది. పాక దగ్గరికి రాగానే ఆ మీటరు గట్టిగా కూయడం మొదలుపెట్టింది.

పట్టా సందులోంచి చూస్తే కాపలా మనిషి అప్పన్న గోనెల మీద ముడుచుకుని పడుకుని ఉన్నాడు. పిలిచింది. కదల్లేదు. మళ్లీ పిలిచింది. కాళ్లు లోపలికే లాగుతున్నాయి. కానీ ఆ గాలిలోకి వెళ్లిన రెండో మనిషీ అక్కడే పడిపోతాడని ఆమెకు తెలుసు. వెనక్కి తిరిగి ఇంటి వైపు అరిచింది.

గోవిందరాజులు చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చి లోపలికి దూరబోయాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"వెళ్లకు మావయ్యా, నువ్వూ పడిపోతావు. ముందు పట్టాలు కొయ్యి."

"ఈలోగా వాడు చచ్చిపోతాడే, వదులు."

"కొయ్యి మావయ్యా."

ఆయన పాక గుంజకు దోపి ఉన్న కొబ్బరి కత్తి తీసి తాళ్లు నరికాడు. ఇద్దరూ పట్టాలు లాగిపారేశారు. మీటరు కూత తగ్గేదాకా ఆమె ఆయన్ను లోపలికి వెళ్లనివ్వలేదు. ఆ కాసేపూ ఆయన ఆమెను చూసిన చూపు చాన్నాళ్లు ఆమె కళ్లలో మెదిలింది. కూత తగ్గాక ఇద్దరూ అప్పన్నను బయటికి ఈడ్చారు. ఊపిరి సన్నగా ఆడుతోంది.

అమలాపురం ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. అప్పన్న భార్య సత్యవాణి గోడకు ఆనుకుని కూర్చుంది.

"చలేసి అక్కడ పడుకున్నాడండీ. పొగ కూడా లేదండీ అక్కడ."

"ఆ గాలికి రంగూ వాసనా ఉండవమ్మా," అంది శ్రీవాణి. ఇన్నాళ్లూ అత్తయ్య దగ్గు తప్ప తనకింకేమీ వినబడలేదని ఆమెకు అప్పుడు తట్టింది. ఆ పొగలోనే రోజంతా ఉండే కూలీల దగ్గర ఒక్క మీటరైనా పెట్టాలని తోచలేదు. గోవిందరాజులు పక్కనే నిలబడి వింటున్నాడు.

సాయంత్రానికి అప్పన్న కళ్లు తెరిచాడు.

పండగ వెళ్లాక గోతులు తోట అవతలికి, పంటకాలువ గట్టు పక్కకు మారాయి. పట్టాలు కట్టడం మానేశారు. గోవిందరాజులు ఎవరికీ కారణం చెప్పలేదు, మేనకోడలితో మునుపటిలా మాట్లాడనూ లేదు. కనకరత్నం ఊపిరితిత్తుల్లో పోయిన సత్తువ తిరిగిరాదని డాక్టరు చెప్పేశారు. శ్రీవాణి పరిశోధన ఆ ఏడాది నుంచి బట్టీ కూలీల మీదికి మళ్లింది.

అప్పన్నకు మాత్రం ఆ విషగాలి తగిలాక మతిమరుపు వచ్చింది. బట్టీ పని మానేసి కొబ్బరికాయల రాశి దగ్గర కాపలా కూర్చుంటాడు. శ్రీవాణి కనిపించినప్పుడల్లా లేచి నిలబడి, "ఎప్పుడొచ్చేరండీ?" అంటాడు. ఆమె చెబుతుంది. కాసేపటికి మళ్లీ అడుగుతాడు. ఆమె మళ్లీ చెబుతుంది.