కూలిన గోడకు సర్కారు సాయం

మా గోడ వానకు కూలిందని తహసీల్ కచేరీలో రాసుకున్నారు. నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఆ ఏడు ముసురు పట్టిన మాట నిజమే. భాద్రపదమంతా ఆకాశం తెరిపివ్వలేదు. కానీ అంతకంటే పెద్ద వానలు చూసిన గోడ అది. దాని వెనక, మేముండే నేల ఆసామి పటేల్ గోదాము కడతానని పునాది తవ్వించి, సగంలో వదిలేశాడు. వీధి నీళ్లన్నీ ఆ గుంతలో చేరి మా గోడ మొదలును నానబెట్టాయి. మట్టి పెరుగులా మెత్తబడుతోందని మా అత్తమ్మ ఆయన ఇంటికి వెళ్లి చెప్పి కూడా వచ్చింది. "చూద్దాం తియ్" అన్నాడట. చూశాడు, అది కూలేదాకా.

నేను కోహీర్ దగ్గరి పల్లె నుంచి జహీరాబాద్‌కు కోడలిగా వచ్చేనాటికి అరవైలు మొదలయ్యాయి. రైలు పట్టాలకు ఇవతల ఒకే వరుసలో నాలుగు మట్టి ఇండ్లు. చివరిది మాది. నేల పటేల్‌ది. ఇండ్లు మాత్రం అందులో ఉన్నవాళ్లే కట్టుకున్నారు. తన చెరకు తోటలో పని చేసినన్నాళ్లు అక్కడ ఉండవచ్చని పటేల్ తండ్రి మా మామకు నోటిమాటగా చెప్పాడట. ఆ మాట నమ్మి మా మామ, అత్తమ్మ ఎర్రమట్టి తొక్కి, గోడలు లేపి, గూన పెంకులు కప్పుకున్నారు. మామ పోయాక తోట పని మా ఆయన మీద పడింది. పక్కింట్లో ఒక క్రైస్తవ కుటుంబం. ఆ ఇంటావిడ గడ్డి కోసి బజారులో అమ్మేది, మేకలు సాకేది. కొత్త ఊళ్లో నాతో మొదట నవ్వుతూ మాట్లాడిన మనిషి ఆవిడే. అక్కా అని పిలిచేదాన్ని.

గోడ కూలిన పొద్దున నేను జొన్నరొట్టెలు చేస్తున్నాను. అప్పటికి కడుపుతో ఉన్నాను. ముందు పెంకుల సందుల్లోంచి మట్టి రాలింది. అత్తమ్మ నా జబ్బ పట్టుకుని వాకిట్లోకి ఈడ్చింది. మేం వెనక్కి తిరిగి చూసేసరికి గోడంతా అవతలికి, ఆ గుంతలోకి ఒరిగిపోయింది. దాంతోపాటు కప్పు సగం దిగింది. పక్కింటి గోడా కొంత పోయింది. అక్క మేక ఒకటి దాని కింద నలిగి చచ్చిపోయింది. మిగతా రెండు ఇండ్లకూ నిలువునా పగుళ్లు తేలాయి.

మధ్యాహ్నానికి పటేల్ గొడుగు పట్టించుకుని వచ్చాడు. ఆయన అంత మెత్తగా మాట్లాడటం నేను అంతకు ముందెప్పుడూ వినలేదు.

"అయ్యో, గిదేం గోస! కడుపుతోని ఉన్న పిల్ల గూడ ఉన్నది. ఇగ గీడ ఉండకున్రి. మా బెల్లం కొట్టంల జాగ ఉన్నది. సామాను తీసుకొని అందరు ఆడికి పోన్రి. వాన తగ్గినంక చూద్దాం."

అత్తమ్మ ఆయన పిల్లలు చల్లగా ఉండాలని దీవించింది. నాలుగు కుటుంబాలమూ తడిసిన మూటలు నెత్తిన పెట్టుకుని వెళ్లాం. బెల్లం కొట్టం ఊరవతల, న్యాల్‌కల్ వైపు పోయే దారిలో ఉండేది. నేలంతా పాత పాకం జిగురు, ఎక్కడ చూసినా ఈగలు. ఆ వాసనకు నాకు తిన్న ముద్ద నిలిచేది కాదు. అయినా తల మీద కప్పు ఉంది కదా అనుకున్నాను.

మేం అక్కడ ఉండగానే ఊళ్లో డప్పు కొట్టి చాటించారు. వానకు ఇండ్లు పడి, నీడ లేకుండా పోయే కుటుంబాలకు సర్కారు సాయం చేస్తుంది, అది తిరిగి కట్టనక్కర్లేదు, కచేరీ నుంచి గిర్దావర్ వచ్చి ఇండ్లు చూసి రాసుకుపోతాడు అని. ఆ డప్పు మా కొట్టం దాకా రాలేదు. పటేల్‌కు మాత్రం చాటింపు కంటే ముందే తెలుసు. కచేరీలో ఎవరు తుమ్మినా ఆయనకు తెలిసేది.

గడ్డి అమ్మడానికి బజారుకు వెళ్లిన అక్క గంప కూడా దించకుండా పరిగెత్తుకొచ్చింది.

"గిర్దావర్ సాబ్ ఇయ్యాలనే వస్తడంట. మన ఇండ్లల్ల మనమే లేకుంటే ఎట్ల?"

మగవాళ్లంతా తోటలో ఉన్నారు. అత్తమ్మ, అక్క బయల్దేరారు. నన్ను ఉండమన్నా వినకుండా వెనకే నడిచాను. మేం చేరేసరికి గిర్దావర్ మా వాకిట్లోనే ఉన్నాడు. పక్కన పటేల్.

"నాలుగు నా మకాన్లే సార్. ఎవలు ఉంటలేరు, అన్నీ ఖాళీ," అంటున్నాడు.

అత్తమ్మ రొప్పుతూనే అడ్డం వెళ్లింది. "ఖాళీ ఏంది పటేలా? వాన తగ్గేదాంక కొట్టంల ఉండుమన్నది నువ్వే గద?"

పటేల్ ఆమె వైపు చూడనైనా చూడలేదు. గిర్దావర్ విసుక్కున్నాడు.

"ఇంట్ల మనుషులుంటె వాళ్లకు సాయం, లేకుంటె నేల ఎవలిదో వాళ్లకు. గీడ పొయ్యి లేదు, సామాను లేదు. మీరున్నరని నేనెట్ల రాస్త? నేల పటేల్‌ది. మంజూరైతే ఆయనకే ఐతది."

"కట్టుకున్నది మేము సారూ."

"కట్టినోళ్లదే ఐతదా ఇల్లు?" అని ఆయన నవ్వాడు. పటేల్ కూడా నవ్వాడు.

ఆ రెండు నవ్వులు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మేం వీధిన పడకూడదని సర్కారు ఇచ్చే సాయం మమ్మల్ని వీధిన పడేసినవాడికి పోతుంది. దాంతో ఆయన గోదాము కట్టుకుంటాడు. ఏ గుంత మా గోడను మింగిందో ఆ గుంత మీదే.

సాయంత్రం కొట్టానికి వచ్చిన మా ఆయనకు అత్తమ్మ ఒకటే మాట చెప్పింది. "రేపటికెల్లి నేను మనింట్లనే ఉంట."

"కప్పు లేని ఇంట్ల ఎట్ల ఉంటవే అవ్వా? పటేల్‌తోని పెట్టుకుంటే పని పోతది. మనకెందుకు?"

"మనకెందుకా? నీ అయ్య కాళ్లు పగిలేదాంక తొక్కిన మట్టిరా అది. పని పోతదని ఇల్లు ఇడిసిపెడ్తవా?"

నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. ఆ కోపంలోనే మా గిన్నెలన్నీ మూట కట్టేశాను.

తెల్లవారి అత్తమ్మ కూలిన ఇంటి నడిమధ్య రాళ్లు పేర్చి పొయ్యి వెలిగించింది. పైన ఆకాశం, వెనక గుంత. నేను పిండి కలిపాను. మొదటి రొట్టె పెనం మీద ఉండగానే పటేల్ తన జీతగాణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కళ్లతో సైగ చేశాడంతే. జీతగాడు కడవ ఎత్తి పొయ్యిలో నీళ్లు కుమ్మరించాడు. బూడిద లేచి నా మొహం నిండా పడింది. పిండి పాడైపోయింది. ఆ జీతగాడు కూడా మాలాంటి ఇంట్లో పుట్టినవాడే. మా వైపు చూడలేక కడవ అక్కడే పెట్టి వెళ్లిపోయాడు.

అత్తమ్మ తిట్టలేదు, ఏడవలేదు. కూలిన కప్పులోంచి ఒక వాసం ఊడబెరికి, లోపలి పొడి చెక్క చీల్చి మళ్లీ వెలిగించింది. పొగకు దగ్గుతూ గట్టిగా అరిచింది, వీధంతా వినబడేలా.

"ఇగ ఆర్పుతవా? నా ఇంటి కట్టెలే కాలవెడ్త. దినాం ముట్టిస్త."

ఆ రోజే అక్క తన పిల్లలతో, మిగిలిన మేకతో వచ్చేసింది. మిగతా రెండు ఇండ్లవాళ్లూ రెండు రోజులు వెనకాముందాడి వచ్చారు. నాలుగు పొయ్యిల పొగ లేచింది. వాన వచ్చినప్పుడల్లా గోనెసంచులు కప్పుకుని గోడ మిగిలిన మూలలో నక్కేవాళ్లం. మా ఆయన కూడా వచ్చాడు. పటేల్ మర్నాడే ఆయన్ను తోట పనిలోంచి తీసేశాడు.

తర్వాత కచేరీ చుట్టూ తిరగడం. అత్తమ్మ, అక్క పొద్దున వెళ్లి వరండాలో కూర్చునేవారు. బంట్రోతు లేపేవాడు. గేటు బయట కూర్చునేవారు. గుమాస్తా బయటికి వస్తే లేచి నిలబడేవారు, ఆయన ముక్కు మూసుకుని పోయేవాడు. అత్తమ్మ ఇంటికొచ్చి నాకు ఇవన్నీ చెబుతుంటే నా చేతుల్లో ఏముంటే అది విసిరేయాలనిపించేది. అడుక్కోవడానికి వెళ్లలేదు కదా వాళ్లు. మీకు ఇస్తాం రమ్మని డప్పు కొట్టింది సర్కారే.

చివరికి ఒక రోజు తహసీల్దార్ చిరాగ్‌పల్లి వైపు జీపులో పోతుంటే అక్క గడ్డిగంపతో సహా రోడ్డుకు అడ్డం నిలబడింది. ఆయన కోస్తా జిల్లాల నుంచి కొత్తగా వచ్చిన మనిషి. దిగి వచ్చి మా ఇండ్లు చూశాడు. పొయ్యిలు చూశాడు. నన్ను, నా కడుపును చూశాడు.

"ఇక్కడెవరూ లేరని రాశారే?" అన్నాడు గిర్దావర్‌తో.

కబురు అందుకుని పటేల్ వచ్చాడు. ఆయన నోట మాట ఎంత సులువుగా తిరిగిందో నేను కళ్లారా చూశాను.

"వీళ్లంత మా మనుషులే సార్. నా నేల మీద నేనే ఉంచుకున్న. సాయం వాళ్లకే ఇయ్యున్రి. నాకెందుకు?"

తహసీల్దార్ మొహం విప్పారింది. "మీలాంటి పెద్దలుంటే మాకు పని తేలికండీ," అన్నాడు. గుంత సంగతి అత్తమ్మ చెప్పబోయింది. "అయిందేదో అయిందమ్మా, ఇప్పుడు అంతా మంచే జరుగుతుంది కదా," అని జీపెక్కాడు.

సాయం మంజూరైంది. కచేరీ ముందు పందిరి వేశారు. మమ్మల్ని ఎండలో వరుసగా నిలబెట్టారు. కుర్చీలో పటేల్ కూర్చున్నాడు, మెడలో బంతిపూల దండ. నేల ఉదారంగా ఇచ్చిన దాత అని ఎవరో ఆయన్ను పొగిడారు. చేసిన మేలు మరవకూడదని మాకు బుద్ధి చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. సాయం ఆయన చేతుల మీదుగానే ఇప్పిస్తారట.

మొదట అత్తమ్మను పిలిచారు. పటేల్ కవరు చాపాడు. ఆమె చేయి చాపలేదు.

"దండం పెట్టి తీసుకోవమ్మా," అన్నాడు గుమాస్తా.

"మా పొయ్యి ఆర్పిచ్చినోడి చేతులకెల్లి నేను తీసుకోను," అంది అత్తమ్మ. గొంతు పెంచలేదు. పందిరంతా విన్నది. "సార్, ఇది సర్కార్‌దైతే మీరియ్యున్రి. పటేల్‌దైతే నాకొద్దు."

తహసీల్దార్ మొహం మాడిపోయింది. "ఎవరిస్తే ఏంటమ్మా, తీసుకో" అని గదిమాడు. ఆమె కదల్లేదు. ఇవ్వకుండా పంపేస్తారేమోనని వెనక వరుసలో నేను భయపడుతున్నాను. చాలాసేపటికి గిర్దావర్ లేచి, పటేల్ చేతిలోంచి కవరు తీసి బల్ల మీద పెట్టాడు. అత్తమ్మ బల్ల మీది నుంచి తీసుకుంది. తర్వాత వచ్చిన అక్క కూడా బల్ల మీద పెట్టేదాకా నిలబడింది. మిగిలిన ఇద్దరు మాత్రం వంగి దండం పెట్టి తీసుకున్నారు. వాళ్లను నేనేమీ అనను. వాళ్ల మగవాళ్లు ఇంకా తోటలోనే పని చేస్తున్నారు.

మా ఆయన స్టేషన్లో ఆలుగడ్డ బస్తాలు మోసే పనికి కుదిరాడు. వచ్చిన సాయంతో ఈసారి గోడ కింది భాగం ఎర్రరాయితో లేపాం. గుంతను పటేల్ పూడ్చలేదు, సర్కారు పూడ్పించలేదు. అందులో పడ్డ గోడ మట్టి మీదే ఇంకా మట్టి తట్టలతో పోసి మేమే పూడ్చుకున్నాం. గోదాము ఆయన ఇంకోచోట కట్టుకున్నాడు. నా పెద్దకూతురు ఆ కొత్త గోడల మధ్యే పుట్టింది.

కోపం మాత్రం తీరలేదు. తీరనివ్వలేదు ఊరు. ఏడాది తిరిగేసరికి అందరి నోళ్లలో ఆ వరుసకు 'పటేల్ కట్టించిన ఇండ్లు' అని పేరు పడింది. ఒకసారి మా అన్న కోహీర్ నుంచి మేనకోడలికి సజ్జరొట్టెలు, బట్టలు పట్టుకుని వచ్చాడు. వాకిట్లో నిలబడి, "పటేల్ ఇండ్లంటే గివేనా?" అని అడిగాడు.

అత్తమ్మ గడపకు అడ్డం నిలబడింది.

"అవి గీడ లెవ్వు బిడ్డా."

అన్నకు ఏమీ అర్థం కాలేదు. ఆమె భుజం మీది నుంచి నేను కనబడుతూనే ఉన్నాను. నా వైపు చూశాడు. నేనూ అత్తమ్మ పక్కకే జరిగాను. అన్న మూట చంకలోకి మార్చుకుని, ఈసారి మెల్లగా అడిగాడు.

"మా చెల్లె ఇల్లు గిదేనా అత్తా?"

"గిదే. లోపలికి రా," అని అత్తమ్మ కాళ్లకు నీళ్లు తెచ్చిచ్చింది.