నేను దాచిన మాట

పాల్వంచలో కార్మిక శాఖ ఆఫీసులో క్లర్కుగా ఉన్నప్పుడు, జీడిపప్పు ఫ్యాక్టరీలో పని పోయిన ఒక కోయ మహిళ మా దగ్గరికి వచ్చింది. పప్పు దాచావంటూ సూపర్‌వైజర్ అందరి ముందు ఆమె కొప్పు విప్పించాడు. ఏమీ దొరకలేదు. ఆమె ఎదురు తిరిగితే పనిలోంచి తీసేశారు.

మా సారు మేనేజర్ని పిలిపించి, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. ఆమెకు తెలుగు రాదు. నాకు చిన్నప్పటి నుంచి కోయ భాష వచ్చు కాబట్టి ఆమె మాటలు తెలుగులో చెప్పే పని నాకు పడింది.

"పని ఇయ్యకున్నా సరే. అందరి ముందట తప్పయిందని ఆ సూపర్‌వైజర్ నాకు చెప్పాలె," అన్నది ఆమె తన భాషలో.

"ఏమంటున్నదమ్మా?" అని సారు నన్ను అడిగారు.

క్షమాపణ మాటెత్తితే మేనేజర్ లేచిపోతాడని భయపడ్డాను.

"మళ్ళ పనిల పెట్టుకుంటే చాలంటున్నది సార్," అన్నాను.

మేనేజర్ వెంటనే ఒప్పుకున్నాడు. ఆమె ఒప్పంద పత్రం మీద వేలిముద్ర వేసి, బయటికి వస్తూ నన్నడిగింది.

"ఎప్పుడు చెప్తడట?"

"నువ్వు పనిలకు పోయినంక," అన్నాను.

రాజీ కుదిరిందని ఫైల్లో టైపు చేసింది కూడా నేనే. ఆమె వారం తిరగకుండానే పని మానేసిందని తోటి కూలీ ఒకామె తర్వాత చెప్పింది. పనికి పోయిన ఆ నాలుగు రోజులూ సూపర్‌వైజర్ అటు వచ్చినప్పుడల్లా, ఏదో చెప్తాడని పని ఆపి లేచి నిలబడేదట.

భద్రాచలం బస్సులో వెనక కోయ మాట వినబడితే, ఇప్పటికీ తిరిగి చూడలేను.