కార్పెంటర్‌కు ఇక్కడ ఫ్యామిలీ ఉండదు

ఈమధ్య కూకట్‌పల్లిలో ఆఫీసు నుంచి నడిచి వస్తుంటే ఒక బండి దగ్గర సర్వపిండి కాలుతున్న వాసన తగిలింది. బియ్యప్పిండి, నువ్వులు, పల్లీలు, ఉల్లాకు, గిన్నె అడుగున కాగే నూనె. కరీంనగర్ వైపు వాళ్లకు ఆ వాసనతో వంటిల్లు గుర్తొస్తుంది. నాకు మాత్రం షార్జాలో ఎండకు కాగిన మా పాత కారు వెనక సీటు గుర్తొస్తుంది. వెంటనే కోపం కూడా వస్తుంది.

నా చిన్నతనం ఆ ఊళ్లో గడిచింది. ఆగస్టులో బయట కాలు పెడితే కళ్లజోడు మీద ఆవిరి కమ్మేసేది, జనవరి పొద్దుల్లో పొగమంచుకు ఎదుటి బిల్డింగు కనబడేది కాదు. శుక్రవారం నాన్న పాత బనీను గుడ్డతో కారు మీది ఇసుక తుడుస్తుంటే మేం పిల్లలం పార్కింగులో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడేవాళ్లం, బంతి అద్దానికి తగిలితే ఔట్, అలారం మోగితే అందరూ పరుగు. సాయంత్రం చాప, ఫ్లాస్కు, సకినాల డబ్బా సర్దుకుని పార్కుకు పోయేవాళ్లం.

మనుషులను రెండుగా విడదీసే మాట ఒకటి అక్కడ ఉండేది, బ్యాచిలర్. పెళ్లయిందా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. క్యాంపులో ఉండే కూలీ ఎవడైనా బ్యాచిలరే. అమ్మకున్న ఒక్క తమ్ముడు, మా శీను మామ, అలాంటి బ్యాచిలర్. ఊరి బయట సజ్జాలోని లేబర్ క్యాంపులో ఉండి సెంట్రింగు చెక్కలు కొట్టే కార్పెంటర్ పని చేసేవాడు. భార్య, ఇద్దరు పిల్లలు జగిత్యాల దగ్గర ఊళ్లో ఉండేవాళ్లు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా చెల్లికి పుట్టువెంట్రుకలు తీయాల్సి వచ్చింది. బేసి నెల దాటకూడదు, ఊరికి పోవడానికి నాన్నకు సెలవు దొరకలేదు. మొదటి కత్తెర మేనమామే వేయాలి, పిల్ల అతని ఒడిలోనే ఉండాలి. మరి ఎక్కడ? మేం ఉండేది ఒక ఫ్లాటులో సగం. మిగతా సగంలో ఉన్నదీ తెలుగువాళ్లే. ఆ ఆంటీ, "ఏమనుకోకండీ, క్యాంపు వాళ్లొస్తే నల్లులొస్తాయండీ" అంది, అమ్మ చేతిలోంచి కూర గిన్నె అందుకుంటూనే. క్యాంపుకు పోదామంటే ఆడవాళ్లను, పిల్లలను గేటు లోపలికి రానివ్వరు. అందుకని పార్కు అనుకున్నాం.

మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని, నూనె రాసి తల దువ్వుకుని, మాకంటే ముందే వచ్చి పార్కు గేటు బయట, కాపలా మనిషి పక్కన నిలబడి ఉన్నాడు.

"అక్కా, వీడు నన్ను బ్యాచిలర్ అంటుండు. మీ మరదలుకు చెప్తే సంబురపడ్తది" అని నవ్వాడు.

శుక్రవారం ఫ్యామిలీలకు మాత్రమేనట. కాపలా మనిషిది పెషావర్ వైపు, అతనూ మామలాగే కూలికొచ్చినవాడు. అమ్మ ఒక ఉపాయం చేసింది. చెల్లిని మామ చేతుల్లో పెట్టి, "అబ్ ఫ్యామిలీ హై" అంది. అతను మామ కార్డు అడిగాడు, వృత్తి చదివాడు.

"కార్పెంటర్ కా ఇధర్ ఫ్యామిలీ నహీ హోతా, బెహన్."

కూలీ జీతానికి భార్యాపిల్లల వీసా రాదు, అతను చెప్పింది నిజమే. అతను ఆ మాట అంటుండగానే నిక్కరు వేసుకున్న తెల్లాయన ఒకడు, చేతిలో నీళ్ల సీసాతో, ఒంటరిగా లోపలికి నడిచిపోయాడు. నీ భార్య ఏదని ఆయనను ఎవరూ అడగలేదు.

"ఖలాస్, పోదాం పా. లొల్లయితే వీసా మీదికొస్తది" అన్నాడు నాన్న.

"నా తమ్ముడు లేకుండ నా బిడ్డ ఎంటికె ఒక్కటి గుడ తెగది" అంది అమ్మ. అప్పటిదాకా నాన్నకు ఎదురు మాట్లాడగా నేను ఆమెను చూడలేదు.

కాలిబాట మీద చాప పరిస్తే అక్కడా కూర్చోవద్దన్నాడు కాపలా మనిషి. చివరికి కారు వెనక సీట్లో, తలుపులు బార్లా తెరిచి, మామ ఒడిలో చెల్లిని కూర్చోబెట్టారు. చెల్లి కత్తెర కోసం చేయి చాపుతుంటే మామ, "ఆగే కోడలా, నీ మామ ఇంత పెద్ద బిల్డింగులకు సెంట్రింగు కొట్టిండు, ఇంత ఎంటికె కొయ్యలేడా" అంటూ మొదటి కుచ్చు కోశాడు. అమ్మ చక్కెర పెట్టి తమ్ముడి నోరు తీపి చేసింది. మిట్ట మధ్యాహ్నం ఎండలో, కాగిన రెగ్జిన్ సీటు మీద, అందరం చెమటలు కక్కుతూ సర్వపిండి తిన్నాం. కంచెకు అవతల పచ్చిక ఉంది, నీడ ఉంది, ఉయ్యాలలు ఖాళీగా ఉన్నాయి.

మామ మళ్లీ రాలేదు. పిలిచినప్పుడల్లా ఫోన్లో "వద్దక్కా, నా మూలంగ బావకు ఇజ్జత్ తక్కువైతది" అనేవాడు. మా ఫ్లాటు, ఆయన క్యాంపు రెండూ ఒకే ఊరి చుట్టుపక్కలే. అయినా అక్కాతమ్ముళ్లు ఒక పూట కూర్చోవడానికి ఆ ఊరు జాగా ఇవ్వలేదు. తరువాత ఆయన కంపెనీ రాస్ అల్ ఖైమాకు పంపింది, అటునుంచి అటే మన దేశానికి వెళ్లిపోయాడు. ఏ చట్టంలో అలా రాసి ఉందో, ఎవరు సంతకం పెట్టారో నాకు తెలియదు. మా ఇంటి నుంచి ఏం పట్టుకుపోయారో మాత్రం తెలుసు.

మొన్న బంధువుల పెళ్లిలో, ఊహ తెలిశాక ఎన్నడూ చూడని శీను మామ పక్కనే చెల్లి కూర్చుంది. ఎవరో మీ మేనమామ అని పరిచయం చేస్తే లేచి, "నమస్తే అంకుల్" అంది.

మామ కుర్చీ కొద్దిగా జరుపుకుని, "నమస్తే మేడం, కూసోండ్రి" అన్నాడు.