తోడల్లుడి బీరువాలో బ్యాకప్

మా మొదటి కంప్యూటర్ అబిడ్స్‌లో కొన్నాం. కొన్న రోజే గొడవపడ్డాను. మిక్సీ కొంటే పుస్తకం ఇస్తారు, కుక్కర్ కొంటే అదనంగా ఒక వాషర్ పడేస్తారు. అంత పెద్ద పెట్టె కొన్నందుకు ఒక్క సీడీ కూడా చేతిలో పెట్టలేదు. పాడైతే విండోస్ మళ్ళీ ఎక్కించుకునేది ఎలాగని అడిగితే, కొట్టు యజమాని నవ్వాడు.

"సీడీ ఎందుకు సార్? అంతా డబ్బాలనే ఉన్నది. రికవరీ పార్టిషన్ అంటరు. డిస్కుల ఒక మూలకు కంపెనీవాళ్ళే దాచిపెట్టిన్రు. ఆన్ చేసేటప్పుడు ఒక బటన్ కొడితే, కొన్న రోజు ఎట్లుండెనో గట్లనే అయితది."

"దాచింది నాకు కనపడాలి కదా?"

"కనపడితే మీరు ఊకుంటరా సార్? డిలీట్ కొడతరు."

కొట్లో ఉన్న ఇద్దరు కూడా నవ్వారు. వాళ్ళెవరో నాకు తెలియదు గానీ, ఆ మొహాలు ఇవాళ రోడ్డు మీద ఎదురైనా గుర్తుపడతాను.

తర్వాత ఆయన మాకేదో మేలు చేస్తున్నట్టుగా డిస్కును సీ, డీ అని రెండు ముక్కలు చేసి పెట్టాడు. "సీల విండోస్ ఉంటది. అది ఎప్పుడన్న ఖరాబయ్యేదే. మీ సామానంతా డీల పెట్టుకోండ్రి. సీ మునిగినా డీకి ఏం గాదు. ఫికర్ జేయకుండ్రి."

ఆ రోజుల్లో అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా ఎవరినడిగినా ఇదే మాట. మేమూ నమ్మాం. మా ఇంట్లో డీ అంటే ఇనప్పెట్టె. ముఖ్యమైనది ఏదైనా అందులోకే వెళ్ళేది.

అన్నిటికన్నా ముఖ్యమైనవి మా అమ్మాయి డ్రాయింగులు. ఆర్కిటెక్చర్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. నాంపల్లి స్టేషన్ ఎదురుగా ప్రయాణికులకు ఒక సత్రం కడితే ఎలా ఉంటుందో గీసి చూపించాలి. అది సమర్పించకపోతే ఒక ఏడాది పోయినట్టే. ఆ డ్రాయింగుల్లో నా కష్టం కూడా ఉంది. తను టేపు ఒక కొస పట్టుకుంటే రెండో కొస నేను పట్టుకుని ఆ వీధులన్నీ కొలిచాం. ఒక పాన్ డబ్బా ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది సార్, రోడ్డు వెడల్పు జేస్తున్నరా? నా డబ్బా పోతదా?"

"పోదు అంకుల్, చదువు కోసం," అంది అమ్మాయి.

"చదువుకు టేపెందుకమ్మా?" అన్నాడాయన. మేం వెళ్ళిపోయేదాకా డబ్బా ముందు కాపలాగా నిలబడే ఉన్నాడు.

సోమవారం సమర్పించాలనగా గురువారం కంప్యూటర్ మొరాయించింది. ఆన్ చేస్తే నీలం తెర వస్తుంది, ఆగిపోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. శుక్రవారం పొద్దున్నే పెట్టెను ఆటోలో పెట్టుకుని అబిడ్స్ వెళ్ళాను. డీలో ఉన్నవి జాగ్రత్త అని రెండుసార్లు చెప్పాను. "డీని ముట్టుకునేదే లేదు సార్," అన్నాడు యజమాని. పక్క హోటల్లో టీ తాగి వచ్చేసరికి కంప్యూటర్ కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తోంది. తెర మీద సీ ఒక్కటే ఉంది.

"డీ ఏది?"

ఆయన మౌస్ అటూ ఇటూ తిప్పాడు. నవ్వు లేదు. "రికవరీ బటన్ కొట్టిన సార్. కొన్న రోజు లెక్కనే చేసింది."

"మరి డీ?"

"కొన్న రోజు డీ లేకుండె గద సార్. నేను తర్వాత జేసిన."

"మీరు చేసినదే కదా!"

"ఔ సార్, నేనే జేసిన. గని దానికి తెల్వదు గద."

కంపెనీవాళ్ళు డిస్కులో దాచింది మొదటి రోజు జ్ఞాపకం ఒక్కటే. ఆ తర్వాత ఇంట్లో ఏం జరిగినా దానికి అక్కర్లేదు. పోయినవాటిని వెతికే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయనీ, వారం ఆగితే కొన్నయినా దొరకవచ్చనీ అన్నాడు. వారం ఎక్కడుంది మాకు? కొట్లో నిలబడి నోరు నొప్పిపుట్టేదాకా అరిచాను. డీ రాలేదు.

ఇంటికొచ్చి చెప్పాను. అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. అది వంటింట్లో గోరుచిక్కుళ్ళు తుంచుతున్న వాళ్ళమ్మ వైపు చూసింది.

"ఇంక చెప్పెయ్యవే," అంది మా ఆవిడ.

"నాన్నా, ప్రతి శనివారం బషీర్‌బాగ్‌లో లైబ్రరీ మూల దగ్గర దింపమంటాను కదా. నేను వెళ్ళేది లైబ్రరీకి కాదు, వెనక వీధిలో పిన్ని వాళ్ళింటికి. బాబాయి దగ్గర సీడీ రైటర్ ఉంది. ఇంట్లోవి ఫ్రెండ్ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళి, సీడీ మీద కాపీ చేసి అక్కడే పెట్టొస్తున్నాను."

"అక్కడెందుకు? మనింట్లో చోటు లేదా?"

"ఇంట్లో దొంగలు పడితే కంప్యూటరూ సీడీలూ కలిసే పోతాయిట. కాపీ ఎప్పుడూ వేరే ఇంట్లో ఉండాలిట. బాబాయే చెప్పాడు."

బాబాయి అంటే నా తోడల్లుడు, మా ఆవిడ చెల్లెలి భర్త. ఆ ఇంటి గృహప్రవేశానికి ఆయన మమ్మల్ని ఫోన్‌లో పిలిచాడు. శుభలేఖ ఇంకెవరి సంచిలోనో వచ్చింది. సొంత అక్కకి చెల్లెలు వచ్చి బొట్టు పెట్టి పిలవలేదు. మధ్యలో ఉన్నది నాలుగు వీధులు, సముద్రమేమీ కాదు. ఆ రోజు నుంచీ నేను ఆ గడప తొక్కలేదు. మా ఆవిడనూ వెళ్ళనివ్వలేదు. అక్కాచెల్లెళ్ళు ఫోన్‌లోనే బతికారు.

"మన కంప్యూటర్లో డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ కూడా పోయింది. రెండు రోజులూ అక్కడే కూర్చుని గీయాలి," అంది అమ్మాయి. "ఈసారి మూల దగ్గర కాదు, ఇంటి ముందే దింపు నాన్నా. అబద్ధం చెప్పడం నాకూ విసుగ్గా ఉంది."

మర్నాడు పొద్దున స్కూటర్ మీద దింపాను. ఇంజిన్ ఆపలేదు. వాళ్ళది కింది వాటా. కంప్యూటర్ గది కిటికీ వాకిట్లోకే ఉంటుంది. అమ్మాయి లోపలికి వెళ్ళింది. వెళ్ళిపోదామనుకున్నాను గానీ, సీడీ ఆడిందో లేదో తెలుసుకుని పోతే తప్పేముంది? ఇంజిన్ ఆపాను. పెట్రోలు దండగ.

కిటికీలోంచి సీడీ గిర్రున తిరుగుతున్న చప్పుడు వచ్చింది. ఆగింది. మళ్ళీ తిరిగింది.

"బాబాయ్, చదవట్లేదు!"

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నిన్నంతా ఏడవని పిల్ల.

తర్వాత నాకు గుర్తున్నది, నేను కంప్యూటర్ వెనక నిలబడి ఉండటం. "గీత పడిందేమో, గుడ్డతో తుడవండి. అలా గుండ్రంగా కాదు, మధ్యలోంచి బయటికి!" అని నేనే అరుస్తున్నాను. కాళ్ళకి చెప్పులు కూడా ఉన్నాయి.

తోడల్లుడు తల తిప్పకుండా అన్నాడు. "అన్నయ్యగారూ, కాస్త జరగండి. మీ నీడ పడుతోంది."

తుడిచి పెట్టినా చదవలేదు. ఆయన కంగారుపడలేదు. "ఒక్క సీడీని నమ్ముకుంటామా? రెండోది ఉంది," అని లోపలికి వెళ్ళాడు. బీరువా తలుపు కిర్రుమంది. వెంటనే నా మరదలి గొంతు.

"నా పట్టుచీరల మడతల్లో పెట్టారా! చీర పెట్టుకోవడానికి చోటు లేదంటే వినరు, సీడీలకు మాత్రం దొరుకుతుంది!"

"చీర పోతే ఇంకోటి కొనొచ్చు," అన్నాడాయన.

"కొనండి మరి, విన్నాను!"

రెండో సీడీ కలరా ఉండల వాసన వేస్తోంది. అది తిరిగింది, ఇంకా తిరిగింది. తెర మీద ఒక్కొక్క గీతా వచ్చింది. స్టేషన్ రోడ్డు, సత్రం, దాని ముందు వరండా. పాన్ డబ్బాను కూడా అమ్మాయి ఎక్కడిదక్కడే ఉంచింది. కిందటి శనివారం దాకా చేసిన పనంతా ఉంది. పోయింది ఒక వారం పని.

"చాలు," అంది అమ్మాయి. "ఇది చాలు నాన్నా. మిగతాది గీసేస్తాను."

అప్పుడు చెప్పులు చూసుకున్నాను. బయట విప్పి వచ్చాను. విప్పడానికి వెళ్ళినవాణ్ణి అటే వెళ్ళిపోవచ్చు. కానీ మరదలు అప్పటికే కాఫీ తెచ్చింది. కాఫీలో పంచదార ఎక్కువైంది. చెప్పాను. "గుర్తుంచుకుంటాను బావగారూ," అందామె. ఆ తర్వాత ఎప్పుడూ ఎక్కువ కాలేదు.

ఆదివారం సాయంత్రం అమ్మాయిని తీసుకురావడానికి మా ఆవిడా వచ్చింది. అక్కాచెల్లెళ్ళు వంటింట్లోంచి బయటికి రాలేదు. షీట్లన్నీ చుట్టి, బయల్దేరుతుంటే మరదలు కుంకుమభరిణె పట్టుకొచ్చింది. అక్క నుదుట బొట్టు పెట్టింది.

"అక్కా, వచ్చే ఆదివారం మా ఇంట్లో భోజనం. బావగారూ, చూశారుగా? మీ ఎదురుగానే బొట్టు పెట్టి పిలుస్తున్నాను."

"నేనూ నోటితో పిలుస్తున్నాను అన్నయ్యగారూ," అన్నాడు తోడల్లుడు గేటు దాకా వచ్చి. "మళ్ళీ ఫోన్‌లో పిలిచామనుకునేరు."

గృహప్రవేశం సంగతి వేరు. అది నేను మాఫీ చేయలేదు, ఆయన అడగనూ లేదు. కానీ ఇది సరైన పిలుపే. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

సోమవారం డ్రాయింగులు సమర్పించింది. ప్యాసైంది. నేను అబిడ్స్‌లో ఇప్పటికీ ఆ కొట్టు ముందు నుంచి నడవను, అవతలి పేవ్‌మెంట్ మీద వెళతాను. ఆ ఆదివారానికి మాత్రం రెండు ఖాళీ సీడీలు కొన్నాను. మా కంప్యూటర్లో కొత్తగా చేరినవి అక్కడే వాటి మీద ఎక్కించి వాళ్ళింట్లో పెట్టాలి, వాళ్ళ ఫోటోల సీడీలు తెచ్చి మా ఇంట్లో పెట్టుకోవాలి. ఏకపక్షంగా సాయం పొందడం నాకు పడదు.

మా ఆవిడ ముందే ఆటోలో వెళ్ళింది. అమ్మాయినీ సీడీలనూ ఎక్కించుకుని స్కూటర్ మీద బయల్దేరాను. బషీర్‌బాగ్‌లో లైబ్రరీ మూల రాగానే అలవాటు కొద్దీ బ్రేకు వేశాను.

"ఇక్కడ కాదు నాన్నా," అంది వెనక నుంచి. "ముందుకు పోనియ్."