వాషింగ్ మెషీన్‌కి కాపలా

ఫోన్లో ముక్కూ మొహం తెలియని మనిషి "మీరు గెలిచారు" అంటే సంతోషించాలో, తిట్టిపోయాలో ఎవరికీ సరిగ్గా తేలని రోజులవి. ఇప్పుడైతే బడికెళ్లే పిల్లలు కూడా నవ్వేసి పెట్టేస్తారు. అప్పట్లో మా రాయ్‌పూర్‌లో అలాంటి ఫోన్ వస్తే సగం మంది కొబ్బరికాయ కొట్టేవాళ్లు, మిగతా సగం మంది పోలీసుల పేరు చెప్పి అరిచేవాళ్లు. ఒకే వారంలో ఆ రెండు రకాల్లోనూ చేరిన ఘనత మాత్రం నాకే దక్కిందనుకుంటాను.

మా ఇల్లు ఆ ఊళ్లోనే గుఢియారీలో. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, ఆయన బట్టల నిండా గ్రీజు. నాకు ఊరి బయట సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం దొరికాక దానికి నా బట్టల మసి కూడా తోడైంది. (పొద్దున్న తెల్ల చున్నీ వేసుకెళ్లి సాయంత్రం బూడిదరంగు చున్నీతో ఇంటికొచ్చేదాన్ని.) ఈ గ్రీజూ, ఆ మసీ రెండూ అమ్మ చేతుల మీదుగానే పోవాలి. సోడాలో నాని నాని ఆవిడ వేళ్లు పగిలిపోయాయి. కూరలో ఉప్పు వేసేటప్పుడు ఆ పగుళ్లకి తగిలితే పెదవి కొరుక్కునేది. నేనుతుకుతానంటే "ఆఫీసుకెల్లీ పిల్లవి, నీకెందుకే" అని బ్రష్షు లాక్కునేది. అందుకే దేవేంద్ర నగర్‌లో మిక్సీ కొన్నప్పుడు షాపువాళ్లు లక్కీ డ్రా కూపన్ ఇచ్చి, మొదటి బహుమతి వాషింగ్ మెషీన్ అనగానే నేను ఆ కూపన్ మీద నా ఫోన్ నంబరు ముత్యాల్లాంటి అంకెలతో రాశాను. చించి ఇచ్చిన సగం ముక్కని అమ్మ కందిపప్పు డబ్బాలో దాచింది. ఆ మెషీన్ మా ఇంటికి రావాల్సిందేనని నేను అప్పుడే తీర్మానించేసుకున్నాను, అక్కడికి డ్రా తీసేది నేనే అయినట్టు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బ్యాంకు నుంచి ఒకాయన మా ఆఫీసుకొచ్చి ఫోన్ మోసాల గురించి మాట్లాడాడు. పాపం, అన్నీ పనికొచ్చే మాటలే చెప్పాడు. బహుమతి కోసం ముందుగా డబ్బు కట్టొద్దన్నాడు, కార్డు నంబరు ఎవరికీ చెప్పొద్దన్నాడు, అనుమానం వస్తే ఆ షాపుకే వెళ్లి అడగమన్నాడు. అందులో నా బుర్రకెక్కింది ఒక్కటే, గెలిచారని ఫోన్ చేసేవాడు దొంగ అని. మిగతాదంతా సమోసాలతో పాటు అరిగిపోయింది.

ఆ వారం మొదట్లోనే, నేను క్యాంటీన్లో ఉండగా ఫోన్ వచ్చింది. "బధాయీ హో మేడమ్, ఆప్‌కా నంబర్ నికలా హై" అన్నాడు అవతలి మనిషి, నా నంబరు తగిలిందట. అంతే, దొంగ దొరికాడనుకున్నాను. అతను షాపు పేరు చెబుతున్నాడు, శనివారం సాయంత్రంలోగా కూపన్ ముక్క పట్టుకుని రమ్మంటున్నాడు, నేను వింటేనా? ఏ జైలయితే నీకు సౌకర్యంగా ఉంటుందో చెప్పమని హిందీలో అడిగి, నాకొచ్చిన తిట్లన్నీ వరసగా తిట్టి (అన్నీ మర్యాదస్తుల తిట్లే) ఫోన్ పెట్టేశాను. క్యాంటీన్లో వాళ్లు చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి అమ్మకి గొప్పగా చెప్పాను. ఆవిడ "అలాగా" అని మళ్లీ నాన్న ప్యాంటు నానబెట్టుకోవడానికి వెళ్లిపోయింది. ఆ "అలాగా" నాకు రుచించలేదు.

శుక్రవారం సాయంత్రం రెండో ఫోన్ వచ్చింది. "నమస్కారమండీ, బాగున్నారా?" అని చక్కటి తెలుగు. పరాయి ఊళ్లో ఉన్న తెలుగువాళ్ల బలహీనత మీకు తెలియందేముంది. సంతలో ఎవరో తెలుగులో బేరమాడుతుంటే మా అమ్మ సంచీ కింద పెట్టి మరీ పలకరిస్తుంది. నేనూ ఆవిడ కూతుర్నే కదా, ఇట్టే కరిగిపోయాను. మీకో పెద్ద బహుమతి వచ్చిందన్నాడు.

"వాషింగ్ మెషీనా?" అన్నాను ఆత్రంగా.

"అదేనండీ."

"దేవేంద్ర నగర్ షాపుదేనా?"

"ఆ షాపుదేనండీ." (అతనికి తెలియనివన్నీ నేనే అందిస్తున్నానని అప్పుడు తోస్తే కదా.)

రవాణా ఖర్చు కొద్దిగా కట్టాలని, కార్డు మీద నంబరు చదివితే అతనే చూసుకుంటానని అన్నాడు. క్యాంటీన్లో సింహంలా గర్జించిన నేను బుద్ధిగా పర్సులోంచి కార్డు తీశాను. అంతలో అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"తెలుగోలా? ఓపాలి ఇలాగియ్యి" అని ఫోన్ తీసుకుంది. "మీదే ఊరు బాబూ?"

స్పీకరు పెట్టాను. "శ్రీకాకుళమమ్మా" అన్నాడతను.

"మాదీ అటేపే. శ్రీకాకుళంలో ఏ ఈది? ఎవులబ్బాయివి? మీ అమ్మ కన్నోరిదే ఊరు?"

"అవన్నీ ఇప్పుడెందుకమ్మా, ముందు నంబరు చెప్పండి, టైము అయిపోతంది."

అమ్మ మరో మాట లేకుండా ఫోన్ కట్టేసి, నా చేతిలో కార్డు తీసి నా పర్సులోనే పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. చేతికందిన మెషీన్‌ని పోగొట్టావని ఎగిరాను. మనవాడే కదమ్మా అన్నాను.

"మనోడే. కాదన్నానేటి? మంచి పని మీదున్నోడైతే అమ్మ కన్నోరి ఊరు సెప్పడానికేటి బెంగ? సెప్తే నాకెవులో తెలిసిపోద్దని బెంగ" అంది. తరవాత నెమ్మదిగా, "మొన్నటోడు డబ్బులడిగినాడేటే?" అని అడిగింది.

అడగలేదు. నంబరూ అడగలేదు. షాపుకి రమ్మన్నాడంతే. బ్యాంకాయన చెప్పిన మాటలన్నీ అప్పుడొచ్చి నా ఎదురుగా నిలబడ్డాయి. నాకు ఏడుపొచ్చింది, అయితే ఏడుస్తూ కూర్చోలేదు. మర్నాడే శనివారం. ఆఫీసులో సగం రోజు సెలవు పెట్టి, కూపన్ ముక్కతో, అమ్మతో దేవేంద్ర నగర్‌లో దిగాను. కౌంటరు దగ్గర మనిషి నా గొంతు వినగానే తలెత్తాడు. "ఆప్ వహీ హై నా, జైల్ వాలీ?" అన్నాడు. జైలు మాటెత్తింది మీరే కదా అనేసరికి నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. అమ్మ మాత్రం గర్వంగా "మేరా బేటీ బహుత్ హుషార్ హై" అంది. అతను నవ్వి, మీరు ఇంకాసేపు రాకపోతే ఇంకో కూపన్ వాళ్లకి ఫోన్ చేసేసేవాణ్ణన్నాడు.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? పైసా కట్టక్కర్లేదని కాగితం మీద రాయించుకుని షాపు ముద్ర వేయించాను. పెట్టె విప్పించి మెషీన్ తిప్పి చూపించమన్నాను. దారిలో మార్చేస్తారేమోనని అమ్మని ముందు డ్రైవరు పక్కన కూర్చోబెట్టి, నేను సామాన్ల ఆటో వెనక మెషీన్‌ని రెండు చేతులా పట్టుకుని గుఢియారీ దాకా వచ్చాను. రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు ఒకతను టైమెంతని అడిగితే చెప్పలేదు.

మొదటిసారి అది తిరుగుతుంటే అమ్మ పీట వేసుకుని ఎదురుగా కూర్చుంది. అదే ఉతుకుతుంది కదమ్మా, నువ్వెందుకంటే, "కాలరు కాడ మడ్డెక్కువుంటాదని దానికెవులు సెప్తారే" అంది. కొన్ని నెలలు పోయాక ఓ పొద్దున్న నాకు జడ వేస్తుంటే ఆవిడ వేళ్లు జుట్టుకి గుచ్చుకోకుండా మెత్తగా జారాయి. ఇద్దరికీ తెలిసింది, అమ్మ వేసిన జడ విప్పి మళ్లీ వేసింది. ఇప్పుడు నాకు ఏం కావాలన్నా ఇంట్లో కూర్చునే తెప్పించుకుంటున్నాను, దేని వెనకా అంతలా పడి పరిగెత్తింది లేదు. అప్పుడప్పుడు ఆ సామాన్ల ఆటోలో జుట్టంతా రేగిపోయి, దారినపోయే ప్రతివాణ్ణీ దొంగని చూసినట్టు చూస్తూ వచ్చిన పిల్ల గుర్తొస్తుంది. నవ్వుకుంటాను. అమ్మ కోసం అంత మొండిగా కూర్చున్నందుకు ఆ పిల్లంటే నాకు కొంచెం అసూయ కూడా.