నీళ్లు తాగని డాక్టరు

మా ఆసుపత్రి డాక్టరుగారు ఉదయగిరిలో వాళ్లింట్లో పోయారని పోయిన శనివారం బస్సు కండక్టరు చెబితే నేను నమ్మలేదు. నువ్వు చూశావా, నీకెవరు చెప్పారు అని ఆరా తీశాను. ఆత్మకూరులో నా సంగతి అందరికీ తెలిసిందే. వేరుశనగ బస్తా అడుగుదాకా చెయ్యి పోనిచ్చి గుప్పెడు కాయలు పైకి తీసి చూడనిదే బేరం ఆడను. ఆ పూటే తిరుగు బస్సెక్కి పోయి, ఆయన్ని కళ్లారా చూసి, దండ వేసి వచ్చాను. అయినా మనసు ఒప్పుకోలేదు.

ఆయన్ని పనిలో పెట్టుకున్న కమిటీలో నేనూ ఒకణ్ణి. స్వతంత్రం వచ్చిన కొత్తల్లో రైతులూ వ్యాపారులూ కలిసి చందాలు వేసుకుని ఆ ఆసుపత్రి పెట్టాం. డాక్టరు కావాలంటే చాలామంది వచ్చారు. అందరూ జమీందార్ల దగ్గర రాయించుకున్న మెప్పు కాగితాలు చూపించేవాళ్లు. ఈయన ఉత్త చేతులతో వచ్చారు. ఎండన పడి వచ్చారు కదా అని గ్లాసుతో నీళ్లు పెట్టాం. ఆయన గ్లాసును కిటికీ వైపు ఎత్తి చూసి, ఈ నీళ్లు ఏ బావివని అడిగారు. దిగుడు బావివన్నాం. గ్లాసు బల్ల మీద పెట్టేశారు.

మా ప్రెసిడెంటు మొహం మాడిపోయింది. మా నీళ్లు తాగడానికి కులం అడ్డమొచ్చిందేమోనని నాకు అనుమానం. ఆ మాట మొహాన్నే అడిగేశాను.

"కులం కాదు శెట్టిగారూ, నారికురుపు. వడగట్టి ఇయ్యండి, తాగతా," అన్నారు.

ఆ రోజుల్లో మా పక్క నారికురుపు ఎరగని ఇల్లు లేదు. కాలి మీద బొబ్బ లేచి పగిలి, దారంలాంటి పురుగు రోజుల తరబడి బయటికి వస్తుంటే సరిగ్గా పంటల వేళకు మనిషి మంచం పట్టేవాడు. అది తాగే నీళ్లలోంచే వస్తుందని మాకు తెలీదు. పంచె చెంగు మడత పెట్టి వడగట్టి ఇస్తే తాగారు. ఉద్యోగం ఇచ్చాం. నమ్మి కాదు, ఒక ఏడాది చూద్దామని.

ఏటా కమిటీ కూడి ఆయన్ని ఉంచాలా పంపాలా అని తేల్చేది. ఎండాకాలం సెలవు పెట్టి ఆయన మద్రాసు పోయేవారు. వేరే ఉద్యోగానికి తిరుగుతున్నారేమోనని నా అనుమానం. సరుకుకు పోయే మా మనిషిని చూసి రమ్మన్నాను. పెద్దాసుపత్రిలో తనకన్నా చిన్నవాళ్ల వెనక నిలబడి వైద్యం చూస్తున్నారని వాడు చెప్పాడు. తిరిగొచ్చాక అడిగితే ఆయన నవ్వారు. "డాక్టరు ఏం పాసైనాడని అడగబాకండి, పోయినేడు ఏం నేర్చినాడని అడగండి. నేర్చేది నిలిపినోణ్ణి పనిలో పెట్టుకోబాకండి," అన్నారు.

మూడేళ్లకు అసలు చిక్కు వచ్చింది. ఆసుపత్రి వరండా ఖాళీ అయిపోయింది. పైగా పొద్దున్నే డాక్టరుగారు దిగుడు బావి మెట్ల మీద కనిపిస్తున్నారు. ఆడవాళ్లు నీళ్లు ముంచుకునే చోట ఆయనకేం పని అని గుసగుసలు. ఇంతలో ప్రెసిడెంటు బంధువు ఒకాయన, కొత్తగా ఎంబీబీఎస్ చేసినాయన, కబురు పెట్టాడు. తనకు ఉద్యోగమిస్తే వచ్చిన ప్రతివాడికీ సూది వేసి వరండా నింపుతానన్నాడు. మా డాక్టరుగారిని పంపేద్దామని కమిటీలో అందరూ దాదాపు ఒక మాట మీదికొచ్చారు.

నాకు ఇద్దరి మీదా అనుమానమే. ఒకరోజు పొద్దున బావి దగ్గరికి పోయి గోడ చాటున నిలబడ్డాను. డాక్టరుగారు గాజు గ్లాసులో నీళ్లు ముంచి ఎండకేసి పట్టుకుని ఒక ముసలామెకు చూపిస్తున్నారు. "అవ్వా, ఈ నలకలు కదలతా ఉండాయి చూడు. వీటిల్లోనే ఉండాది పురుగు," అంటున్నారు. ఆమె చూసింది. చూసి కడవ మూతికి గుడ్డ కట్టుకుంది. మెట్ల మీద మిగతా కడవలన్నిటికీ అప్పటికే గుడ్డలున్నాయి. అంతటితో ఊరుకోకుండా, జనం వైద్యానికి వింజమూరు పోతున్నారేమోనని వీధి వీధీ తిరిగి అడిగాను. ఎవరూ ఎక్కడికీ పోవడం లేదు. ఆ ఏడు కురుపులే లేవలేదు.

కమిటీలో నేను చెప్పింది ఇంతే. "నా అంగడికి గిరాకీ పెరిగితే నాకు మంచిది. ఆసుపత్రికి గిరాకీ పెరిగితే మనకేంది మంచి? వరండా నింపతానన్నోడి మీదే నాకు అనుమానంగా ఉండాది."

 ప్రెసిడెంటు తల ఊపాడు. డాక్టరుగారు ఉండిపోయారు.

సంగతి తెలిసి ఆయన మా అంగడికి వచ్చారు. "మీరు ఊరికే నమ్మే మనిషైతే ఆ కొత్తాయన మాటే నమ్ముంటారు. మీ అనుమానమే నన్ను నిలిపింది శెట్టిగారూ," అన్నారు. అనుమానప్పక్షి అని ఇంట్లోవాళ్లే తిట్టే నన్ను, ఆ గుణానికే మెచ్చుకున్న మనిషి ఆయనొక్కరే. ఆయనంటే నాకు ప్రాణం. ఆ మాట ఆయనతో ఎన్నడూ అనలేదు.

నిన్న కొత్త డాక్టరు కోసం కమిటీ కూడింది. ఇద్దరు వచ్చారు. చదువులు పెద్దవి, మాట మంచిది. ఇద్దరికీ గ్లాసులతో నీళ్లు పెట్టించాను. వడగట్టిన నీళ్లే, కానీ ఆ సంగతి వాళ్లకు చెప్పలేదు. మొదటాయన గటగటా తాగేశాడు. రెండో ఆయన గ్లాసు పైకెత్తగానే నా చూపు కిటికీ వైపు పోయింది. ఆయనా తాగేసి మూతి తుడుచుకున్నాడు.

బల్ల మీద రెండు ఖాళీ గ్లాసులు. మా డాక్టరుగారు పోయారని అప్పుడు నమ్మాను.