ముందుగా పలకరించని మనిషి

సంఘంలో ఆవిడని అందరూ సలహాలమ్మ అంటారు. తమాషా ఏమిటంటే, ఆవిడ ఎవరికీ సలహా ఇచ్చిన పాపాన పోలేదు. చర్చి వెనక విరిగిన బెంచీలు పడేసే గదిని కడిగించి, అందులో రెండు కుర్చీలు వేసుకుంది. ఎదురెదురుగా కాదు, పక్కపక్కన, కిటికీ వైపు తిప్పి. ఎదుటి మొహం కనబడకపోతే మనిషికి నోరు పెగులుతుందని ఆవిడ నమ్మకం. బైబిలు సొరుగులో ఉంటుంది. వచ్చినవాళ్లు అడిగితేనే బయటికి తీస్తుంది.

సంఘపెద్దకి ఇది మింగుడుపడలేదు. “వాక్యం చెప్పకుండా ఇదేం కౌన్సెలింగమ్మా? ఊసుపోని కబుర్లు కాకపోతే,” అన్నాడోసారి.

“అన్నం మంచిదేనండీ. వాంతులవుతున్నవాడికి పెడతామా? ముందు కడుపులోది కక్కనివ్వండి,” అంది. ఒకప్పుడు ఆసుపత్రిలో నర్సుగా చేసిన మనిషి, మాట అలాగే ఉంటుంది మరి.

చిన్న వయసులోనే భర్త పోయాడు. ఇంటినిండా విశ్వాసులు. దేవుని చిత్తమని ఒకరు, పరలోకంలో కలుస్తావులెమ్మని ఇంకొకరు. ఆ మాటలు ఆవిడా నమ్మింది, ఇప్పటికీ నమ్ముతుంది. కానీ ఆ రోజు మాత్రం ప్రతి వచనమూ నోట్లో కుక్కిన గుడ్డలా తోచింది. ఏడవడానికి సందివ్వలేదెవరూ. తల్లి ఒక్కతే వంటింట్లో పక్కన స్టూలు వేసుకుని, ఏమీ అనకుండా కూర్చుంది. తర్వాత ఆవిడ నర్సు పని మాని కౌన్సెలింగు చదివింది గానీ, అసలు చదువు ఆ వంటింట్లోనే అయిపోయింది.

ఇంకో నియమం కూడా ఉంది. గది దాటాక ఆవిడ ఎవరినీ ముందుగా పలకరించదు. “నేను పలకరిస్తే, ఈవిడతో నీకేం పనని నలుగురూ ఆరా తీస్తారు. మీరు పలకరిస్తేనే పలుకుతాను,” అని మొదటి రోజే చెప్పేస్తుంది. మంచి నియమమే. తంటా ఏమిటంటే, ఎవరూ పలకరించరు. గుట్టు విప్పుకున్నాక ఆ గుట్టు తెలిసిన మొహాన్ని చూడటం ఎవరికైనా కష్టమే. ఆదివారం ఆవిడ కూర్చున్న బెంచీ సగం ఖాళీగా ఉంటుంది. బస్సులో, కూరగాయల కొట్లో అందరూ తెలిసినవాళ్లే, ఒక్కరూ తెలిసినట్టు ఉండరు. రోజంతా ఊరి దుఃఖం విని, ఇంటికొచ్చి తల్లితో నాలుగు మాటలాడుకునేది.

ఆ తల్లీ పోయింది.

భూస్థాపనకు ముందు చర్చి కిటకిటలాడింది. ముందు వరసలో, తల్లిని ఉంచిన పెట్టె పక్కన, ఆవిడ ఒక్కతే. సంఘపెద్ద వచ్చి ఓ వచనం చెప్పి వెళ్లాడు. వెనక వరసల్లో ఆ కిటికీ ముందు వెక్కివెక్కి ఏడ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. లేచి వస్తే బయటపడిపోతామని ఎవరూ కదల్లేదు. తను నేర్పిన నియమమే కదా, ఎవరినని ఏం లాభం. ఏడుపు ఇంకా రాలేదు. ఈ రోజు రాకపోతే అది లోపలే గడ్డకట్టుకుపోతుందని ఆవిడకి తెలుసు. అలాంటివాళ్లను చాలామందినే చూసింది.

అప్పుడు కుర్చీ ఈడ్చిన చప్పుడైంది. చర్చి పక్కన బట్టలు కుట్టే దర్జీ ఆడమనిషి, సంఘంలో నోటిదురుసుకి పేరున్నది, మూలనున్న కుర్చీని కీచుమనిపిస్తూ లాక్కొచ్చింది. పెట్టెకి ఎదురుగా, ఆవిడ పక్కనే వేసుకుంది.

“అదేంటి వదినా, సలహాలమ్మతో నీకేం పని?” అని వెనకనుంచి ఎవరో అడిగారు.

“చచ్చిపోదామనుకున్న రోజుల్లో ఈవిడ దగ్గరికే వచ్చేదాన్ని,” అంది దర్జీ, అందరికీ వినబడేలాగే.

దర్జీ మరో మాట అనలేదు, వచనమూ చెప్పలేదు. పెట్టె వైపు చూస్తూ కూర్చుంది.

వెనకనుంచి ఇంకెవరూ లేచి రాలేదు. సలహాలమ్మకి మాత్రం, అప్పటికి, ఏడుపొచ్చింది.